ఆదర్శానికీ ఒడంబడికకూ నడుమ యూసుఫ్‌గూడ

హైదరాబాదు నగరంలో అమీర్‌పేట నుంచి పడమటగా యూసుఫ్‌గూడకు పోయే దారిలో సారథీ స్టూడియో కలదు. ఆ దారి వెంట మరికొంత సాగితే చిన్న పరిశ్రమల వారికి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ వస్తుంది. దాని కావల ఇరుకు వీథుల కృష్ణానగరు; ఆపైన రాతిగుట్టల మీద జూబిలీహిల్సు, ఫిలింనగరు. చలనచిత్రాలతో బ్రతికే జనమంతా, రాజు పాత్ర ధరించేవాడు మొదలు ఆ రాజు వెనుక బల్లెం పట్టుకొని నిలుచుండేవాడి వరకు, ఈ నాలుగైదు మైళ్ళలోనే నివసిస్తున్నది. ఎత్తు మీద ఒకరు, పల్లంలో ఒకరు, అంతే భేదం.

సమాజం తన ఆదర్శాలను ఎట్లా సాధించుకొంటుందన్న ప్రశ్న వచ్చినప్పుడు విద్వాంసులు ప్లేటోను తలచుకొంటారు, 1516లో థామస్ మోర్ వ్రాసిన యుటోపియాను తలచుకొంటారు. తలచుకోవలసినదే. కాని అంత దూరం పోనక్కరలేదు. గడచిన ఎనిమిదిన్నర దశాబ్దాలలో తెలుగువారు తమ ఆదర్శాలను బిగ్గరగా ప్రకటించుకొన్న వేదికలలో చలనచిత్రం ముఖ్యమైనది. ఆ వేదికను కట్టినవారి చరిత్రను పరికిస్తే, ఆదర్శాన్ని ప్రకటించడం వేరనీ, దానిని ఇరుపక్షాలూ సంతకం చేసే ఒడంబడికగా మార్చడం వేరనీ తెలిసివస్తుంది. మొదటిదానికి ఒక కథ చాలు. రెండవదానికి తరాలు పట్టవచ్చు.

సారథి అన్న పేరు హైదరాబాదులో పుట్టినది కాదు. తెలుగు చిత్రాలన్నీ మదరాసులో తయారవుతున్న కాలంలో, 1930-40 దశకపు ఉత్తరార్ధంలో, గూడవల్లి రామబ్రహ్మం గారు సారథీ ఫిలిమ్సు సంస్థను నెలకొల్పినారు. ఆయన పత్రికా రచయిత. మదరాసు నుంచి ‘ప్రజామిత్ర’ను నడిపిన సంపాదకుడు. పురాణగాథలు తప్ప తెరకు మరొక కథ అక్కరలేదని నిర్మాతలు నమ్మే రోజులలో, పత్రికలో వ్రాయవలసిన సంపాదకీయాన్ని తెరమీద వ్రాయవచ్చునని ఆయన తలచినారు. అందుకు వలసిన పెట్టుబడిలో ప్రధాన హస్తం చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాదు గారిది.

తొలి చిత్రం ‘మాలపిల్ల’, 1938లో విడుదలయినది. కథ చలం గారిది. రచనలో తాపీ ధర్మారావు గారి చేయి కలదు. నాయికగా కాంచనమాల, ఆచారపరుడైన బ్రాహ్మణునిగా గోవిందరాజుల సుబ్బారావు నటించినారు. బ్రాహ్మణ యువకుడు హరిజన బాలికను ప్రేమించి పెండ్లాడటమూ, హరిజనులు ఆలయ ప్రవేశానికై పోరాడటమూ అందులోని ఇతివృత్తం. తిరువాన్కూరు మహారాజు 1936 నవంబరు 12న ఆలయ ప్రవేశ ప్రకటన చేసి ఉన్నారు. గాంధీజీ హరిజన యాత్ర 1933 డిసెంబరులోను, ఆ మరుసటి నెలలోను ఆంధ్ర జిల్లాలలో సాగి ఉన్నది. దేశమంతటా నలుగుతున్న మాటనే ఆ చిత్రం తెలుగులో, అందునా వాడుక భాషలో, సామాన్యుని ముందు పెట్టినది. జనం విరగబడి చూచినారు.

అయితే ఆ కథలో పెద్దమనిషి మనసు ఎట్లా మారుతుందో గమనించదగినది. వాదం విని మారడు. ఉద్యమం చూచి మారడు. అగ్నిప్రమాదంలో చిక్కుకొన్న అతని భార్యను హరిజనులు ప్రాణాలకు తెగించి రక్షిస్తారు, అప్పుడు మారతాడు. అనగా మనిషి హక్కు మనిషికి దక్కడానికి ముందు, ఆ హక్కును కాదన్నవాని ఇల్లాలిని కాపాడి తన మంచితనాన్ని రుజువు చేసుకోవలసి వచ్చినదన్నమాట! ఆనాటి సంస్కర్తలు హృదయ పరివర్తన అనే మాటను ఎంతగానో ప్రేమించినారు. ఆ మాటలో సౌందర్యం ఉన్నది. చిక్కేమిటంటే, ఎవరి హృదయం ఎప్పుడు మారాలన్న నిర్ణయం ఆ హృదయం గలవాని చేతిలోనే ఉండిపోతుంది.

ఇందుకు ప్రత్యక్ష సాక్ష్యం అదే సంవత్సరంలో దొరుకుతున్నది. తెలుగు ప్రేక్షకులు ‘మాలపిల్ల’ చూచి కన్నీరు పెట్టుకొంటున్న 1938లోనే, మదరాసు శాసనసభలో ఎం. సి. రాజా గారు తెచ్చిన ఆలయ ప్రవేశపు బిల్లు మంత్రివర్గం మద్దతు లేక వీగిపోయినది. ఆ రాజధానిలో ఆలయ ప్రవేశాన్ని హక్కుగా చేసిన శాసనం 1947లో గాని రాలేదు. అస్పృశ్యతను రద్దుచేసే పదునేడవ అధికరణం రాజ్యాంగంతో పాటు 1950 జనవరి 26న అమలులోకి వచ్చినది. చిత్రం ముందు పుట్టినది, చట్టం తరువాత పుట్టినది. కాబట్టి చిత్రం వల్లనే చట్టం వచ్చినదని ఎవరైనా అంటే అది అతిశయోక్తి. చట్టం రాగలిగేటంతగా గాలి మారడానికి అటువంటి చిత్రాలూ తోడ్పడినవనడం సబబు.

రెండవ చిత్రం ‘రైతుబిడ్డ’, 1939. ఇది మరింత సాహసం. అప్పుల్లో పడిన చిన్న రైతు, అతని ఓటు మీద కన్నువేసిన ధనికులు, వారికి అండగా జమీందారీ యంత్రాంగం; ఇదీ కథ. బళ్ళారి రాఘవాచార్యుల వారు రైతు పాత్ర ధరించినారు. త్రిపురనేని గోపీచందు రచనలో పాల్గొన్నారు. కొసరాజు పాటలు వ్రాసినారు. అప్పటికి కమ్యూనిస్టులూ రైతుసంఘాలవారూ ఇచ్ఛాపురం నుంచి మదరాసు దాకా రైతు రక్షణయాత్ర నడిపి ఉన్నారు. రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం గారి నాయకత్వాన జమీందారీ రైతుల స్థితిపై విచారణ జరిగి నివేదిక వెలువడినది. కథకు నేపథ్యం కల్పించుకోనక్కరలేదు. అందుచేతనే కాబోలు బొబ్బిలి, వేంకటగిరి సంస్థానాధిపతులు చిత్రంపై కత్తి కట్టినారు. కొన్నిచోట్ల ప్రదర్శన నిలిచిపోయినది.

ఇక్కడ పాఠకునికి ఒక సందేహం కలుగక మానదు. జమీందారీకి వ్యతిరేకంగా చిత్రం తీయడానికి ఒక జమీందారు ధనం ఎందుకు ఇచ్చినాడు? చల్లపల్లి వారికీ బొబ్బిలి వారికీ గల రాజకీయ స్పర్ధ ఇందుకు కారణమని చరిత్రకారులు చెప్పుతూ వచ్చినారు. బొబ్బిలి రాజా 1930-40 దశకంలో మదరాసు ప్రధానమంత్రిగా ఉండి, 1937 ఎన్నికలలో వి. వి. గిరి గారి చేతిలో ఓడిపోయిన సంగతి ప్రసిద్ధం. స్పర్ధ నిజమే. అయినా ప్రత్యర్థిని నొప్పించే కోరిక ఒక్కటే ఉంటే, తాను కూర్చున్న కొమ్మనే నరికే కథకు ఎవడూ డబ్బు పెట్టడు. ఆ కాలపు విద్యావంతుడైన జమీందారులో ఇద్దరు మనుషులు ఉండేవారనుకోవడం సత్యానికి దగ్గర: శిస్తు వసూలు చేసేవాడొకడు, కొత్తగాలికి కిటికీ తెరచేవాడొకడు. ఆదర్శానికి పరిశుద్ధుడైన పోషకుడే కావాలని పట్టుబట్టి ఉంటే రామబ్రహ్మం గారు ఒక్క చిత్రం కూడా తీసి ఉండేవారు కారు. ఆయన 1946లో అకాలమరణం పొందినారు. రెండేళ్ళకు, 1948లో, మదరాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు శాసనం చేసినది, జమీందారీలు పోయినవి. భూములన్నీ పోయినవా అన్నది వేరు కథ. చల్లపల్లి వారి భూములకై కృష్ణాతీరంలో వామపక్షాలు ఆ తరువాత చాలాకాలం ఉద్యమం సాగించినవి.

సారథి పేరు మళ్ళీ మారుమ్రోగినది 1955లో. దున్నేవానికే భూమి అన్న నినాదం ఊరూరా వినబడుతున్న ఆ ఏట ‘రోజులు మారాయి’ వచ్చినది. దర్శకుడు తాపీ చాణక్య, ధర్మారావు గారి కుమారుడు. తండ్రి ‘మాలపిల్ల’కు కలం పట్టగా, కుమారుడు పదునేడేళ్ళకు బంజరుభూమి కోసం రైతులు కలసికట్టుగా నిలబడటాన్ని తెరకెక్కించినాడు. ఈ కథలో పెద్దమనిషి మనసు మారేదాకా ఎవరూ వేచి ఉండరు. ఆ భేదం చిన్నది కాదు.

మరుసటి ఏట, 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడినది. తెలుగువారికి తమ రాజధాని ఉండగా తమ చిత్రాలు మదరాసులో తయారు కావడమేమన్న ప్రశ్న లేచినది. ఆ ప్రశ్నకు తొలి సమాధానాలలో ఒకటి చల్లపల్లి వారే యూసుఫ్‌గూడ దారిలో కట్టించిన సారథీ స్టూడియో. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులోనే తయారయిన తొలి తెలుగు చిత్రంగా పేరుపొందినది. సొంత నేలమీద సొంత కళ అనే ఆదర్శం ఆ విధంగా ఇటుకా సున్నమూ రూపం దాల్చినది. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. స్టూడియో వచ్చిన తరువాత సారథి కథలలో పొలం తగ్గినది, ఇల్లు పెరిగినది. 1961 నాటి ‘కలసివుంటే కలదు సుఖం’ పేరే ఆ మార్పును చెప్పుతున్నది. స్టూడియో అద్దెలూ, నెలజీతాలూ మోయవలసిన సంస్థకు జమీందారుతో తగవు కన్న ఉమ్మడి కుటుంబపు తగవు క్షేమకరమని తోచి ఉండవచ్చు.

ఇదే పేటలో, ఇంచుమించు ఇదే కాలంలో, సమాజాన్ని మార్చే మరొక ప్రయోగం జరిగినది. దానిని తెలుగువారు అంతగా ఎరుగరు. కేంద్రప్రభుత్వం 1960లో ఢిల్లీలో స్థాపించిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణసంస్థ 1962లో హైదరాబాదుకు తరలి యూసుఫ్‌గూడలో స్థిరపడినది. హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ దానికి ఒక సూచన చేసినాడు. ఈయన వాదం తెలుగు ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించేది. దేశాల పురోగతికి మూలం గనులూ నదులూ కావు. పిల్లలు చదువుకొనే కథలే అని ఆయన 1961లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించినాడు. అనేక దేశాల పాఠ్యపుస్తకాలలోని కథలను తెప్పించి, వాటిలో సాధించాలన్న తపన ఎంత ఉన్నదో లెక్కగట్టి, ఆ దేశాల విద్యుచ్ఛక్తి వినియోగపు పెరుగుదలతో సరిపోల్చినాడు. కథలో తపన ఉంటే కొంతకాలానికి దేశంలో వెలుగు పెరుగుతుందట!

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఎన్నుకొన్న పట్టణం కాకినాడ. 1964లో మొదలుపెట్టి అక్కడి వర్తకులను, చిన్న పరిశ్రమల యజమానులను జట్లు జట్లుగా యూసుఫ్‌గూడకు రప్పించి పదేసి రోజులు శిక్షణ ఇచ్చినారు. యంత్రాల గురించి కాదు, రుణాల గురించి కాదు, కథలు వ్రాయించినారు. ఒక బొమ్మ చూపి దానికి కథ అల్లమనేవారు. అందులోని మనిషి విధికి తలవంచుతున్నాడా, ఒక పని తలపెట్టి అడ్డంకులను లెక్కవేసుకొంటున్నాడా అని చర్చించేవారు. రింగులు మేకుకు విసిరే ఆట ఆడించి, మరీ దగ్గరనుంచి, మరీ దూరంనుంచి కాక, కష్టసాధ్యమైనా అసాధ్యం కాని దూరం నుంచి విసరడంలోని వివేకాన్ని చూపేవారు. వేలూరు పట్టణం నుంచి కూడా కొందరు వచ్చినారు. రాజమహేంద్రవరం వర్తకులను శిక్షణ లేకుండా పోల్చిచూచుటకు ఉంచినారు. 1969లో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలసి ఫలితాలను గ్రంథంగా వెలువరించినారు: శిక్షణ పొందినవారిలో సుమారు సగంమంది తరువాతి రెండేళ్ళలో చురుకుగా వ్యాపారం విస్తరించగా, పొందనివారిలో అట్టివారు నాల్గవ వంతు మాత్రమే. ఆచార సంప్రదాయాలు ఇందుకు అడ్డురాలేదని కూడా వారు గమనించినారు. విభూతి పెట్టుకొన్నంత మాత్రాన లెక్క తప్పదు కదా!

ఈ ప్రయోగాన్ని తేలికగా కొట్టివేయరాదు, నెత్తిన పెట్టుకోనూరాదు. కథ మనిషిని మారుస్తుందన్న రామబ్రహ్మం గారి నమ్మకానికి యూసుఫ్‌గూడలోనే అంకెలతో సాక్ష్యం దొరికినట్లయినది. కాని శిక్షణకు వచ్చినవారు అప్పటికే దుకాణమో, కర్మాగారమో ఉన్నవారు. పెట్టుబడి ఉన్నవానికి తపన నేర్పితే పరిశ్రమ పెరుగుతుంది. కూలి రేటు మరొకడు నిర్ణయించే మనిషికి తపన నేర్పితే ఏమవుతుంది? ఆ ప్రశ్నను ఆ గ్రంథం అడగలేదు. దానిని అడిగినవారు ఆ సంస్థ దాటి కొంతదూరం పోతే కనబడతారు.

అక్కినేని నాగేశ్వరరావు గారు మదరాసు విడిచి హైదరాబాదుకు తరలివచ్చినారు. 1976లో అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమయినది. ఆయనా, దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారూ కలసి లాభం కోరక ‘సుడిగుండాలు’, ఆపైన 1970లో ‘మరో ప్రపంచం’ తీసినారు. కులమతాల స్పర్శ లేకుండా బిడ్డలను పెంచి కొత్త సమాజాన్ని నిర్మించాలన్న ఊహ రెండవదానికి వస్తువు. మెప్పు వచ్చినది, డబ్బు రాలేదు. ఆ తరువాత అటువంటి సాహసాలు పెద్ద సంస్థలలో తగ్గినవి. ఈలోగా గుట్టలమీద సహకార గృహనిర్మాణ సంఘాలు వెలసినవి. జూబిలీహిల్సు అట్టి సంఘం పేరిటనే 1960-70 దశకంలో మొదలయినది, ఫిలింనగరూ అంతే. సహకారం అన్న మాటకు ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 1844లో ఇరువది ఎనిమిది మంది, వారిలో సుమారు సగంమంది నేతగాండ్రు, పిండీ వెన్నా అమ్మే చిన్న దుకాణం పెట్టుకొన్నప్పుడు అర్థం ఒకటి. బండరాళ్ళ మీద మేడలు లేచినప్పుడు మరొకటి. తప్పని అనరాదు, చట్టం అందరికీ ఒక్కటే. ఆ చట్టం మేడవానికి త్వరగా అందినది. వెలుగుదీపం మోసే కార్మికునికి అదే సహకార పద్ధతిలో మణికొండ వద్ద చిత్రపురి కాలనీ ఏర్పడటానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టినది. ఆ కాలనీకి నటుడూ వైద్యుడూ అయిన ఎం. ప్రభాకరరెడ్డి గారి పేరు పెట్టుకొన్నారు. కార్మికుల ఇండ్ల కోసం ఆయన పడిన శ్రమను వారు మరువలేదు.

ఇండ్ల సంగతి అటుంచి కూలి సంగతి చూతాము. కృష్ణానగరులో తెల్లవారకముందే జనం వీథిలోకి వస్తారు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, వంటవారు, సెట్టు కట్టే వడ్రంగులు, జుట్టు దువ్వే స్త్రీలు. ఏ వ్యాను ఎవరిని ఎక్కించుకొంటుందో ఏజెంటు నోటి మాట మీద ఆధారపడి ఉంటుంది. కాల్షీటు దాటితే అదనపు కూలి, దూరం పోతే బేటా, ఇవన్నీ సంఘాల ద్వారా స్థిరపడిన మాటలు. నోటి మాట చాలదని పార్లమెంటు గుర్తించినది 1981లో. ఆ ఏడు చేసిన సినీ కార్మికుల శాసనం ప్రకారం వ్రాతపూర్వకమైన ఒడంబడిక లేకుండా ఏ నిర్మాతా ఆ శాసనం క్రిందికి వచ్చే కార్మికుని పనిలోకి తీసుకోరాదు. భవిష్యనిధి కూడా వర్తిస్తుంది. ‘మాలపిల్ల’కు నలుబది మూడేళ్ళ తరువాత, సమానత్వాన్ని తెరమీద చూపే పనిలో చెమటోడ్చేవారికి కాగితంమీద ఒక గుర్తింపు వచ్చినదన్నమాట. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో ఆ శాసనం లీనమయినది.

కాగితం ఉన్నంతలో కలహం ఆగదు. 2022 జూనులో కూలి పెంపు కోసం పనులు నిలిచినవి. 2025 ఆగస్టు 4న మళ్ళీ నిలిచినవి. ముప్పది శాతం పెంచవలెనని కార్మిక సమాఖ్య అడిగినది. నిర్మాతలు తమ నష్టాలను చెప్పుకొన్నారు. అందులో అబద్ధం లేదు, తీసిన చిత్రాలలో పెక్కు డబ్బు తిరిగి తేవు. అయితే ఒకే చిత్రంలో ఒక్కరి పారితోషికం కోట్లకు పెరుగుతూ ఉండగా వేయి, పదునైదు వందల కూలి దగ్గర పొదుపు గుర్తుకు రావడాన్ని కార్మికులు ఎత్తిచూపినారు. ప్రభుత్వం కలుగజేసుకొన్నది. పదునెనిమిది రోజుల తరువాత, మూడేళ్ళలో విడతలుగా ఇరువది రెండున్నర శాతం పెంచడానికి ఒప్పందం కుదిరినది. తెరమీద అయితే ఈ ఘట్టంలో యజమాని కంట తడిపెట్టి కార్మికుని కౌగిలించుకోవలసి ఉన్నది. ఇక్కడ కంటతడి లేదు. ఇరుపక్షాలూ అలసిపోయి, శాతాలు లెక్కవేసుకొని సంతకాలు చేసినవి. ఎవరి హృదయమూ మారినట్లు తెలియరాలేదు. కూలి మాత్రం మారినది.

ఆ ఒప్పందం సంఘాల సభ్యులకు వర్తిస్తుంది. సభ్యత్వపు కార్డుకు కట్టవలసిన రుసుము చిన్న మొత్తం కాదు. జిల్లాల నుంచి రాత్రి బస్సు దిగి కృష్ణానగరులో గది వెదుక్కొనే యువకునికి ఆ కార్డు లేదు. అతడు కూడా తెల్లవారుజామున అదే వీథిలో నిలుచుంటున్నాడు. అతనికి వ్యానులో చోటు దొరికిననాడు ఎంత ఇవ్వాలన్నది ఇప్పటికీ ఏజెంటు చెప్పిన మాటే.